కథయు రంగును



కథ చెవులతో వినవలసినది. రంగు కన్నులతో చూడవలసినది. ఈ రెండింటికిని గల చుట్టఱికమును గూర్చి, వినుటయే గాని చూచుట లేని యీ రేడియోలో మాటలాడుట కొంత వింతగనే తోఁచవచ్చును. కాని "ముఖము వెలవెలబోయినది" అని నే ననఁగానే మీలో ప్రతివారికిని ఒక ముఖము కనఁబడియుండును. ఆ ముఖము ఎవరిదో నేను చెప్పలేదు, వయసు చెప్పలేదు, ఆఁడదో మగవాఁడో చెప్పలేదు. రంగు మాత్రమే చెప్పితిని. ఆ యొక్కమాటతో భయమో, అవమానమో, దుఃఖమో మీ మనస్సున దిగినది. ఇది యెట్లు జరుగునో నా కెఱుకయైనంతవఱకు మనవి చేసెదను.

మన తెలుగువారు మనోభావములను రంగులలోనే చెప్పుకొందురు. కోపించినవాఁడు కన్నెఱ్ఱ చేయును. భంగపడినవాఁడు తెల్లమొగము వేయును. దిగులుపడినవాని మొగము నల్లబడును. రోగి పాలిపోవును. బాగుగా బ్రతుకుచున్న యింటివారిని "పచ్చగా నున్నారు" అందుము. ఓర్వలేనివాఁడు చేయు పనిని "పచ్చని సంసారములో నిప్పులు పోయుట" అందుము. మా బంగారుపాళ్యములో కూరగాయ లమ్ముకొను ముసలమ్మకు అలంకారశాస్త్రము తెలియదు. అయినను ఆమె పొరుగింటి కథ యొకటి యెత్తుకొన్నప్పుడు ఈ రంగులన్నియు వానివాని చోటులలో చక్కగా వచ్చి కూర్చుండును.

ఇందు "పచ్చ" అను మాటకడ కొంచెము నిలువవలసియున్నది. పసుపును పచ్చయే, ఆకును పచ్చయే. భేదము తెలియవలసినపుడు పసుపుపచ్చ, ఆకుపచ్చ యని విడదీసి చెప్పుదుము గాని, మనస్సులో ఆ రెండును ఒక్క యింటివే. పసుపు రాచిన గడపయు, నారు పోసిన మడియు తెలుగువానికి ఒక్క మాట. జీవము గలది, శుభమైనది, ఇంకను వాడనిది పచ్చన. ఈ సంగతి ముందు మనకు పనికివచ్చును.

ఇఁక శాస్త్రము. భరతముని నాట్యశాస్త్రమున ఆఱవ యధ్యాయములో ఒక్కొక్క రసమునకు ఒక్కొక్క వర్ణము చెప్పెను. శృంగారమునకు శ్యామము, హాస్యమునకు తెలుపు, కరుణమునకు కపోతవర్ణము, రౌద్రమునకు ఎఱుపు, వీరమునకు గౌరము, భయానకమునకు నలుపు, బీభత్సమునకు నీలము, అద్భుతమునకు పసుపు. చిన్ననాట గురువుగారి యెదుట కూర్చుండి దీనిని వల్లించునపుడు ఇది మాకు ఎక్కములవలె నుండెడిది. పెద్దవాఁడనైన పిదప ఒక్కొక్క జతను తీసికొని ఆలోచింపఁగా అందు లోకానుభవము చాల గలదని తోఁచినది.

కరుణమును చూడుఁడు. దుఃఖమునకు నలుపు చెప్పవచ్చును గదా! ముని యట్లు చెప్పలేదు. నలుపును భయమున కిచ్చి, దుఃఖమునకు పావురపు వన్నె, అనఁగా బూడిదవన్నె యిచ్చెను. భయపడువానికి ఏమి రానున్నదో తెలియదు, అది చీకటి. దుఃఖించువానికి రావలసినది వచ్చిపోయినది. చీకటి యేమియు లేదు, అంతయు తెలిసియే యున్నది. మంట ఆఱినది, బూడిద మిగిలినది. కరుణము రౌద్రమునుండి పుట్టునని ఆ మునియే మఱియొక మాట చెప్పెను. ఎఱ్ఱని నిప్పు ఆఱినచో మిగులునది బూడిదయే గదా! ఇట్లే, పాత్రలకు రంగులు పూయు విధమును చెప్పుచోట తెలుపు, నీలము, పసుపు, ఎఱుపు అను నాలుగే సహజవర్ణము లనియు, ఎఱుపును పసుపును కలిసిన గౌర మగు ననియు చెప్పఁబడినది. వీరమునకు చెప్పిన గౌరములో రౌద్రపు ఎఱుపును, అద్భుతపు పసుపును ఉన్నవన్నమాట. వీరునిలో కొంత కోపమును, చూచువానిలో కొంత ఆశ్చర్యమును లేనిదే వీరరసము నిలుచునా? ముని యీ యుద్దేశముతోనే చెప్పెనని నేను సాధింపఁబోను. లెక్క సరిపోయినదని మాత్ర మనుచున్నాను.

కాని యీ పట్టిక నొకదానిని కంఠస్థము చేసినంతమాత్రమున రంగుల భాష వచ్చినదనుకొనరాదు. రాజశేఖరుఁడు కావ్యమీమాంసలో కవిసమయములను చెప్పుచు, కీర్తియు నవ్వును తెల్లనివనియు, పాపమును అపకీర్తియు నల్లనివనియు, క్రోధమును అనురాగమును ఎఱ్ఱనివనియు చెప్పెను. చూచితిరా, ఎఱుపు రెండు తావుల కూర్చున్నది! చంపఁబోవువాని కన్నును ఎఱుపే, వలచినదాని చెక్కిలియు ఎఱుపే. సంస్కృతకవులకు కీర్తి తెలుపు. మన వాడుకలో ఓడినవాని మొగము తెలుపు. పాపము నలుపు, అయినను గోపికలు వలచిన నల్లనయ్యకంటె ముద్దైన వేలుపు మన కెవరు? పొరుగు నాట మలయాళమువారి కథకళిలో నలునివంటి ధీరులకు ముఖమున ఆకుపచ్చ పూయుదురు. క్రూరులకు ఎఱ్ఱగడ్డము పెట్టుదురు. చీనావారి రంగస్థలమున ఎఱ్ఱముఖము స్వామిభక్తి గల యోధునిది, తెల్లముఖము ద్రోహిది. కాఁబట్టి రంగునకు తనంతట తా నొక యర్థము లేదు. కథ దానికి అర్థము నిచ్చును. ఒకమారు ఇచ్చిన పిదప ఆ రంగు కథకు బదులుగా మాటలాడును. నే నెఱిఁగినవానిలో ఈ సంగతి స్పష్టముగా కానవచ్చు తావులు రెండు, మా సీమలోనివే, గలవు. ఒకటి శ్రీకాళహస్తి కలంకారి; రెండవది మా పల్లెల భారతము.

కాళహస్తి పటము నొక దానిని తెఱచి చూడుఁడు. నడుమ పట్టాభిషేకమో, విశ్వరూపమో పెద్దదిగా నుండును. చుట్టును వరుసలు వరుసలుగా గడులు. ఒక్కొక్క గడిలో కథలోని యొక్కొక్క ఘట్టము. క్రింద తెలుగు లిపిలో చిన్న వ్రాఁత. పూర్వము ఇవి దేవాలయములలో వ్రేలాడఁదీయుటకును, రథములకు కట్టుటకును వ్రాసెడివారు. చదువు రానివారే చూచువారిలో పెక్కుమంది. వారికి క్రింది వ్రాఁతతో పని లేదు. రంగు చూచి మనిషిని గుఱుతుపట్టవలెను. దేవతలు, రాముఁడు, కృష్ణుఁడు నీలము. స్త్రీలును ఆభరణములును పసుపు. రాక్షసులకు, దుష్టులకు ఎఱుపో, ఆకుపచ్చయో. వెనుకటి తలము తఱచుగా ఎఱుపు. ఇది అక్కడి మర్యాద.

శాస్త్రమెఱిఁగినవాఁ డిక్కడ ఒక ప్రశ్న వేయవచ్చును. నీలము బీభత్సమునకు గదా, దేవుని కెట్లు వచ్చినది? భరతుఁడు శృంగారమునకు శ్యామము చెప్పి, విష్ణువును దానికి అధిదేవతను చేసెను. బట్టమీఁద వ్రాయువానికడ శ్యామమునకు వేఱుగా ద్రవ్యము లేదు. ఉన్నది నీలిమందు ఒక్కటే. ఉన్నదానితో విష్ణువును వ్రాసెను. వందలయేండ్లు వ్రాయఁగా వ్రాయఁగా ఆ నీలమే దేవుఁడైనది. గ్రంథములోని వర్ణమునకును గిన్నెలోని రంగునకును తగవు వచ్చినపుడు గిన్నెయే గెలుచును. ఇందులో శాస్త్రమునకు చిన్నతనము లేదు.

ఆ గిన్నెల సంగతియు కొంత చెప్పవలెను. ఏలననఁగా పటములోని భావమునకు ఆ పనిలోనే సగము వేరులున్నవి. మొదట ముతకబట్టను కరక్కాయ పిండియు, బఱ్ఱెపాలును కలిపిన నీటిలో నానవేసి ఎండవేయుదురు. పాలలోని కొవ్వువలన రంగు ప్రక్కలకు ప్రాఁకదు. కాల్చిన చింతపుల్ల బొగ్గుతో ఆకారములు గీయుదురు. వెదురుపుల్లనో ఈతపుల్లనో మొన చెక్కి, దానికి గుడ్డ చుట్టి దారము కట్టి కలము చేయుదురు. గుడ్డను వ్రేళ్లతో నొక్కినకొలఁది రంగు మొనకు దిగును. నలుపునకు ఇనుపముక్కలను బెల్లపు నీటిలో పదియేను, ఇరువది దినములు పులియఁబెట్టుదురు. దీనికి కసిమి యని పేరు. కసిమి చూచుటకు పలుచని మురికినీరువలె నుండును. కరక్కాయ పట్టిన బట్టను తాఁకినంతనే నల్లబడును. కన్ను, ముక్కు, మీసము, విల్లు, గద, అన్నిటి గీఁతలును ముందు నలుపుతోనే.

తరువాత ఎఱుపు. ఇది విచిత్రమైనది. ఎఱుపు కావలసినచోట కలముతో పూయునది ఎఱ్ఱరంగు కాదు, పటికనీరు. ఆ నీటికి వన్నె లేదు. బట్టను కొన్నిదినము లుంచి, పాఱునీటిలో ఉతికి, మంజిష్ఠ, చిరివేరు మొదలగు ఎఱుపునిచ్చు వేరులతోను చెక్కలతోను పెద్ద కాఁగులో మరగఁబెట్టుదురు. అప్పుడు పటిక తగిలినచోటనెల్ల ఎఱుపు పట్టును. రావణుని కోపమును చిత్రకారుఁడు నీళ్లతో వ్రాసి ఊరకుండును. కాఁగులో వేఁడి తగిలినపుడు అది బయటపడును. మనుష్యుల కోపమునకు ఇంతకంటె చక్కని పోలిక నేను కావ్యములలో చదువలేదు.

పసుపును, నీలమును కడపటివి. పసుపునకు కరకపువ్వు ముఖ్యము. పసుపు మీఁద నీలము పడినచోట ఆకుపచ్చ. ఈ వరుసను గమనింపుఁడు: మొదట నలుపు, పిదప కోపపు ఎఱుపు, ఆ పిదప సీతమ్మ పసుపు, తుదను రాముని నీలము. కథలోవలెనే పటములోను రక్షించువాఁడు ఆలస్యముగానే వచ్చును! ఇది రంగుల గుణమునుబట్టి యేర్పడిన క్రమమే గాని వేదాంతము కాదు. అయినను కాళహస్తిలో సగము పనియైన పటమును చూచినవారికి రావణుఁడు నిండుగా నిలిచియుండఁగా, రాముఁడు గీఁతమాత్రముగా నుండుట మనస్సున తగులక మానదు.

పసుపు సంగతి ముందు చెప్పితిని గదా. సీతను పసుపుతో వ్రాయుట కేవలము ఒడలిచాయ చెప్పుటకు కాదు. పసుపు రాచుకొన్న ముత్తైదువ, పచ్చని యిల్లు, పచ్చని పైరు, ఇవన్నియు ఆ రంగుతో కలిసి వచ్చును. ఎఱ్ఱని తలము మీఁద ఎఱ్ఱని రాక్షసుఁడు తన చుట్టునున్న లోకములో కలిసిపోయియుండును. పసుపు మాత్రము ఎక్కడ నున్నను విడిగా కనఁబడును. ఎత్తుకొనిపోఁబడిన యాఁడుదాని యొంటరితనమును చెప్పుటకు చిత్రకారునికి కన్నీటిబొట్టుతో పనిలేదు.

తోలుబొమ్మలాటను గూర్చి రెండుమాటలు చెప్పి ముందుకు పోయెదను. ధర్మవరముదగ్గఱ నిమ్మలకుంటలో ఈ విద్య నేఁటికిని నిలిచియున్నది. అచ్చటి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ బిరుదము వచ్చినది. బట్టమీఁద రంగు నిలుచును. తోలుబొమ్మలో రంగు వెలుఁగును. దీపము వెనుకనుండును గనుక రాముని నీలము తెరమీఁద పడునపుడు రంగువలె కాక కాంతివలె నుండును. ఈ విద్యలో తెలుపు పూయునది కాదు. హారములు, కిరీటములు మెఱయవలసినచోట తోలులో సన్నని రంధ్రములు పొడుతురు. దీపము తానే తెలుపగును. నవ్వును, కీర్తియు తెల్లనివన్న కవిసమయము నాకు అక్కడ తెలిసినంతగా గ్రంథములో తెలియలేదు.

ఇఁక భారతము. మా చిత్తూరుసీమలో ధర్మరాజు గుళ్లు ఉన్న యూళ్లలో ఎండకాలమున పదునెనిమిది దినములు భారతోత్సవము జరుగును. పగలు హరికథ, రాత్రి వీధినాటకము. ద్రౌపదీకల్యాణము, బకాసురవధ, అర్జునుని తపస్సు, ఇట్లు కథ నడచి తుదకు దుర్యోధనవధకు వచ్చును. ఆనాఁడు ఊరిబయట నేలమీఁద మట్టితో దుర్యోధనుని పరుండఁబెట్టుదురు. మనిషికి ఎన్నియో రెట్లు పొడవు. కిరీటము, మిడిగ్రుడ్లు, మెలివేసిన మీసములు, ఒడలంతయు రంగులు. తొడలో ఎఱ్ఱని నీరు దాఁచియుంచుదురు. భీమ వేషధారి గదతో కొట్టఁగా ఆ యెఱుపు బయటికి వచ్చును. ద్రౌపది వేషధారి ఆ యెఱుపును తలకు రాచుకొని, అంతవఱకు విరియఁబోసికొనియున్న జుట్టును ముడివేసికొనును.

ద్రౌపది జుట్టు ఇట్లు నెత్తుటితో ముడుచు కథ వ్యాసభారతములోనిది కాదు. అక్కడ భీముని ప్రతిజ్ఞలు దుశ్శాసనుని నెత్తురు త్రాగుదు ననుటయు, దుర్యోధనుని తొడ విఱుతు ననుటయు. నెత్తుటిచేతులతో వేణి ముడుచుట భట్టనారాయణుని వేణీసంహార నాటకమున ప్రసిద్ధము. పల్లెలో భారతమాడువారు ఆ నాటకము చదివిరో లేదో. ఆ యెఱుపు మాత్రము వారిచేతికి వచ్చినది. నాటకము చదివినవారు దానిని మెచ్చుకొందురు. పల్లెవారు దానికొఱకు పదునెనిమిది రాత్రులు కాచుకొనియుందురు.

ఆ యొక్క ఎఱుపులో ఎన్ని యర్థములున్నవో చూడుఁడు. నాటకమాడిన రాత్రులలో ఎఱుపు కౌరవుల గర్వమునకు, కోపమునకు గుఱుతు. సభలో జుట్టు పట్టి యీడ్చినవాఁడు ఆ రంగువాఁడు. అదియే యెఱుపు నేఁడు ద్రౌపది పాపటకు వచ్చినది. ఇది పగ తీఱిన యెఱుపు; చూచువారికి పాపటలోని కుంకుమవలెను ఉన్నది. రంగు మాఱలేదు, ఉన్నచోటు మాఱినది. ఆ క్షణమున గుంపులోని స్త్రీల ముఖములను నేను చాల యేండ్లు గమనించితిని. చప్పట్లు కొట్టువారు మగపిల్లలు. ఆఁడువారిలో పెక్కురు చేతు లెత్తి మ్రొక్కుదురు. కొందఱు కొంగు కన్నులకు ఒత్తుకొందురు. పదునెనిమిది దినములుగా విప్పియున్న ఆ జుట్టు ఒక్క ద్రౌపదిది మాత్రమే కాదని వారికి తెలియును. ఇంట ఎవరితోను చెప్పుకొనరాని యవమానము గలవారు ఆ యెఱుపును చూచి ఏమి తలఁచుకొందురో అడుగుట మర్యాద కాదు.

తరువాత అగ్నిగుండము. మ్రొక్కుబడి గలవారు పసుపుబట్టలు కట్టి నిప్పులమీఁద నడతురు. ఎఱుపుమీఁద పసుపు నడచుట! తెల్లవారిన పిదప గుండములో బూడిద యుండును. భరతముని కరుణమునకు చెప్పిన వన్నె.

ఈ భాష నిలుచునా యను చింత నన్ను కొంతకాలముగా పట్టినది. కాళహస్తి పని యొకప్పుడు కొడిగట్టిన దీపమువంటిదై యుండఁగా, కమలాదేవీ చట్టోపాధ్యాయగారి పూనికవలన 1950ల దశకమున అక్కడ శిక్షణకేంద్ర మేర్పడి, క్రొత్తవారు పని నేర్చిరి. ఆ పరంపరలోని జొన్నలగడ్డ గుఱప్పశెట్టిగారికి 2008లో పద్మశ్రీ వచ్చినది. శ్రీకాళహస్తి కలంకారికి భౌగోళికసూచిక రక్షణయు గలదు. పని చచ్చిపోలేదు; అది సంతోషమే. కాని యంత్రముతో అచ్చువేసిన బట్టలును ఆ పేరుతోనే అంగళ్లలో వ్రేలాడుచున్నవి. వానిలో కృష్ణుఁడు ఆ యేఁడు చెల్లుబడియగు రంగులో నుండును. కృత్రిమపు రంగులు పాపమని నే ననను. నీలిమందును ఒకనాఁడు క్రొత్తదియే. చొక్కాకు కుదురునని సీతకు ఎఱుపును, రావణునికి పసుపును పూసినచో, బొమ్మలు మిగులును గాని కథ మిగులదు. ఇంకొక చిక్కు నీరు. రంగు నిలువవలెనన్న బట్టను పాఱునీటిలో పలుమాఱు ఉతుకవలెను. స్వర్ణముఖి యేఁడాది పొడవునను పాఱు నది కాదు.

భారతపు తావులలో చిక్కు వేఱు. ఇటీవల ఒక యూర జూదఘట్టము చూడఁబోయితిని. రంగస్థలమునకు నాలుగు మూలల తిరుగుడు దీపములు పెట్టిరి. ఎఱుపు, నీలము, పచ్చ, మరల ఎఱుపు. ధర్మరాజు సర్వస్వమును ఓడి నిలుచున్నపుడు అతని ముఖము దుర్యోధనుని ముఖముకంటె ఎఱ్ఱగా నున్నది. వేషధారి మంచివాఁడు, తల వంచిన తీరులోనే దుఃఖము చూపెను. దీపము దానిని సాగనీయలేదు. నా ప్రక్కనున్న రైతు "అయ్యవారూ, ధర్మరాజుకు అంత కోప మేల వచ్చినది?" అని నన్నడిగెను. ఆయన అడిగినది న్యాయమే.

కాళహస్తికి పోవువారు స్వామిదర్శనమైన పిదప ఒక గడియ కలంకారి వ్రాయువారి యిండ్లవైపు నడువుఁడు. పటమును వెనుకకు త్రిప్పి చూడుఁడు. చేతిపనియైనచో రంగు బట్టలో దిగి రెండవప్రక్కను కనఁబడును. పిల్లలను వెంటఁబెట్టుకొని పొండు. క్రింది వ్రాఁతను చేతితో మూసి, రంగులనుబట్టి కథ చెప్పుమని వారిని అడుగుఁడు. బడిలో నుండఁగా నా శిష్యులచేత నే నిట్లు చేయించెడివాఁడను. ఎనిమిదేండ్ల బాలుఁ డొకఁడు గడులన్నియు చూచుచు వచ్చి, ఒకదానికడ నిలిచి, "ఇక్కడ పసుపు ఒంటరిదైపోయినది, అయ్యవారూ" అనెను. చేయి తీసి క్రింది వ్రాఁతను చూపితిని. అది అశోకవనము.